రాతినేల మీద చుక్కకూర

 

లెంట్ దినాలు మొదలయ్యాయి. ఏటా ఈ రోజుల్లో ప్రభువు అరణ్యంలో గడిపిన నలభై దినాల గురించి ధ్యానిస్తాం కదా. ఈసారి రాసేది కూడా అరణ్యం సంగతే. కానీ మేము దాన్ని నేర్చుకున్నది హైటెక్ సిటీ పక్కన, ఒక గుట్ట కింద. ఇందులో మా తప్పు ఒకటి ఉంది. ‘మేము’ అని రాస్తున్నాం గనుక ఒక మాట ముందే చెప్పాలి. ఆ తప్పులో అమ్మగారికి భాగం లేదు. ఆమె ఆ రోజే వద్దంది. వినలేదు.

మీలో చాలామందికి తెలుసు, సంక్రాంతి దాటాక, లెంట్ రాకముందు మేమిద్దరం పట్నం వెళ్లి అక్కడున్న మన ఇళ్లన్నీ తిరిగి ప్రార్థన చేసి వస్తాం. ఈ ఏడు పద్నాలుగు ఇళ్లు. వాటిలో మూడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లు. మిగతావాళ్లు ఆ ఆఫీసులను కట్టేవాళ్లు, ఊడ్చేవాళ్లు, రాత్రంతా కాపలా కాసేవాళ్లు, ఆ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు బండి మీద అన్నం మోసుకెళ్లేవాళ్లు. ఒకే అద్దాల మేడలో మన సంఘపు బిడ్డ పన్నెండో అంతస్తులో కూర్చుంటే, మన సంఘపు మరో బిడ్డ గేటు దగ్గర నిలబడతాడు. ఇద్దరి ఇంట్లోనూ టీ తాగాం.

మేము సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో ఒకసారి అటువైపు వచ్చాం. 1998లో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ అప్పటికి కొత్త. దాని చుట్టూ బండలే కనిపించేవి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉండే బండలు. అవి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అంటారు. నోవహు తాతలకంటే పాతవి అని మేము పిల్లలకు చెబుతుంటాం. ఇప్పుడు వాటిలో చాలా భాగం డ్రిల్లింగ్ మిషన్ల కింద కంకరైపోయింది. మిగిలినవాటిని కాపాడుకోవాలని 1996లోనే కొందరు ఒక సొసైటీ పెట్టుకున్నారు. అందువల్ల కొన్నైనా మిగిలాయి. దుర్గం చెరువు చుట్టూ ఉన్నవి, శిల్పారామం లోపల ఉన్న ఎలుగుబంటి ముక్కు లాంటి బండ, ఖాజాగూడ గుట్టలు అలా మిగిలినవే. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చింది. రాత్రిపూట ఆ వంతెన మీద లైట్లు చూడటానికి జనం వస్తారు. చెరువు చుట్టూ ఉన్న బండల వైపు చూసేవాళ్లు తక్కువ.

పదమూడు ఇళ్లు అయ్యాయి. పద్నాలుగోది ఖాజాగూడలో ఒక గది. అక్కడికి వెళ్లడానికి మాకు కాళ్లు ఆడలేదు.

ఆ గదిలో ఉండే తమ్ముడి పేరు రాయం. రాయొద్దన్నాడు, సంగతి రాయమన్నాడు. అతను 2011లో ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి దుబాయి వైపు వెళ్లాడు. మన దగ్గర గల్ఫ్ అంటే ఎక్కడైనా దుబాయే కదా. అతను నిజంగా వెళ్లింది రాస్ అల్ ఖైమా కొండల్లోకి, రాళ్లు పగలగొట్టే క్వారీలో పనికి. ఆ అప్పులో కొంత మన స్త్రీల పొదుపు సంఘం ఇచ్చింది. మొదటి రెండేళ్లు డబ్బు వచ్చింది. తర్వాత ఆగింది. ఫోన్లు కూడా తగ్గాయి. 2018లో అక్కడి ప్రభుత్వం వీసా గడువు దాటినవాళ్లకు ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు అవుట్‌పాస్ మీద ఒక్క సంచితో దిగాడు. గుడికి రెండు ఆదివారాలు వచ్చి వెనక కూర్చున్నాడు. అక్కచెల్లెళ్లు తమ డబ్బు గురించి గుసగుసలాడుకున్నారు. అది సహజమే.

2019 లెంట్‌లో ఒక ఆదివారం మేము విత్తువాని ఉపమానం మీద ప్రసంగించాం. రాతినేల దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగలేదు. కొందరు సంతోషంతో వాక్యం పుచ్చుకుంటారు, బాప్తిస్మం తీసుకుంటారు, నాలుగు డబ్బులు కనపడగానే వేరు లేని మొక్కల్లా ఎండిపోతారు, దేశాలు తిరిగి వచ్చినా లోపల బండే ఉంటుంది అన్నాం. పేరు చెప్పలేదు. పేరు చెప్పక్కర్లేకుండా చెప్పాం. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ తర్వాత ఆ తమ్ముడు గుడికి రాలేదు. నెలలోపే పట్నం వెళ్లిపోయి సెక్యూరిటీ గార్డుగా చేరాడని విన్నాం. ప్రతి ఏడాది పట్నం వెళ్లినప్పుడు ‘అతనికి డ్యూటీ ఉంటుందిలే’ అనుకొని తిరిగి వచ్చేవాళ్లం. ఈసారి అమ్మగారు, ‘డ్యూటీ అతనికి ఉందో మీకు ఉందో తేల్చుకోండి’ అంది. వెళ్లాం.

సాయంత్రం ఆరు. డ్యూటీకి తయారవుతున్నాడు. యూనిఫారం వేసుకొని, బూట్లు చేతిలో పట్టుకొని ఉన్నాడు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, కుర్చీ తుడిచి వేశాడు. మేము ప్రార్థన చేద్దామని బైబిలు తెరవబోతే అతనే అన్నాడు: “అయ్యగారు, ముందు ఒక మాట అడగాలె. మీరు నన్ను రాతినేల అన్నరు గదా. మీరు ఎప్పుడన్న రాళ్లల్ల కూర ఏరుకొని తిన్నరా? నేను తిన్న.”

కోపంగా అనలేదు. చాలా రోజులుగా దాచిపెట్టుకున్న మాటను బయట పెట్టినట్టు అన్నాడు. తర్వాత బూట్ల లేసులు కట్టుకుంటూ చెప్పాడు.

క్వారీలో ఎనిమిది నెలలు జీతం ఆగిందట. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. అడిగినవాళ్లను తిట్టారు. ఒక రాత్రి క్యాంపు వదిలేసి నడిచి వెళ్లిపోయాడు. అంటే ఖల్లివెల్లి అయ్యాడు. గల్ఫ్ ఇళ్లవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. కాగితం లేని మనిషి, ఎవరూ వెతకని మనిషి, దొరికితే మాత్రం పట్టుకునే మనిషి. కొండ కింద ఒక ఖర్జూరం తోటలో దొంగచాటుగా పని దొరికింది. తిండి పెట్టేవాళ్లు, డబ్బు ఎప్పుడో ఒకసారి. ఆ హజర్ కొండలు మన గుట్టల్లా కాదు, చెట్టు నీడ లేని ఎర్రటి, బూడిదరంగు రాళ్లు. చలికాలంలో ఒకటి రెండు వానలు పడతాయి. అప్పుడు లోయల్లో నీళ్లు ఒక్కపూట పారి పోతాయి. ఆ తర్వాత కొన్ని వారాలకు రాళ్ల సందుల్లో ఏదో పచ్చగా కనిపించింది. వంగి చూస్తే చుక్కకూర.

“మన చుక్కకూరే అయ్యగారు. నేను నమ్మలె. మా అమ్మ పప్పుల ఏసేటిదే. ఎవలు ఏసిన్రు ఇక్కడ? ఎవలూ ఏయలె.”

అయినా వెంటనే కోసుకోలేదట. మేకలు కాసే ఒక అరబ్బు ముసలాయన అటు వస్తుంటే ఆకు చూపించాడు. ఆ పెద్దాయన నవ్వి, ఒక ఆకు తెంపి తాను ముందు నమిలి, ‘హుమైద్’ అన్నాడు. అక్కడివాళ్లు దాన్ని పచ్చిగానే తింటారు. పుల్లగా, నీళ్లు నీళ్లుగా ఉంటుంది. దాహం తీరుస్తుంది. ఆ రోజు రాత్రి తమ్ముడు రెండు గుప్పిళ్ల కూర, ఒక డబ్బా కందిపప్పు ఉడకబెట్టుకొని తిని ఏడ్చాడట. “గా రోజు మొక్కిన అయ్యగారు. గుడి లేదు, మీరు లేరు, బైబిల్ క్యాంపుల పోయింది. నోట్కొచ్చిన కీర్తన పాడుకున్న. నా ఏర్లు ఎండిపోయినయని మీకెట్ల ఎర్కయింది?”

మాకు జవాబు లేదు. అమ్మగారు అతని చెయ్యి పట్టుకుంది. టైమ్ అయిందని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, “పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ దిగుత. మీకు తీరిక ఉంటే రండ్రి, గుట్ట కింద చూపిస్త. ఇక్కడ సుత ఉన్నది,” అన్నాడు.

మర్నాడు వెళ్లాం. ఖాజాగూడ గుట్టలను ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. పైన ఒక దర్గా ఉంది, బండల మధ్య ఒక దేవాలయమూ ఉంది. పొద్దున్నే షూలు వేసుకొని గుట్టెక్కే ఆఫీసు పిల్లలు కనిపించారు. ఫిబ్రవరి కదా, అప్పటికే గడ్డి పసుపుపచ్చగా మారింది. సీతాఫలం పొదలు ఆకు రాల్చి పుల్లల్లా ఉన్నాయి. తంగేడు మాత్రం పూసింది. బండ సందుల్లోంచి నల్లేరు పాకుతోంది.

మేము వెంటనే నేల మీద పచ్చదనం వెతకడం మొదలుపెట్టాం. అతను నవ్వాడు. “కూర కోసం చూడొద్దు అయ్యగారు. నీళ్లు ఎక్కడ ఆగినయో చూడాలె.” తర్వాత చూపించాడు. పెద్ద బండ మీద పడిన వాన ఇంకదు, జారిపోతుంది. ఎక్కడికి జారుతుంది? సందులోకి, బండ పాదంలోకి. అంటే బండ మీద కురిసిన వానంతా ఆ జానెడు మట్టికే చేరుతుంది. పైగా బండ నీడ ఎండ తగలనివ్వదు. చుట్టూ మైదానం ఎండిపోయినా ఆ సందులో తడి ఇంకా ఉంటుంది. ఎడారి కొండల్లోనూ అంతే, లోయ ఒడ్డున, రాయి నీడలో, నీళ్లు జారి ఆగిన గీత వెంట వెతకాలి. మేము పాతికేళ్లుగా రాతినేల అంటే నీళ్లు లేని చోటు అనుకున్నాం.

గుట్ట కింద ఒక మూల ఒకప్పుడు కూలీల గుడిసెలు ఉండేవి. మేడ పూర్తవగానే వాళ్లను ఖాళీ చేయించారు. రేకులు పోయాయి, పొయ్యి రాళ్లు మిగిలాయి. ఆ పొయ్యి రాళ్ల వెనక, బండ పాదంలో, మూడేళ్ల కింద అతను మొదటిసారి ఆ మొక్కలు చూశాడట. ఏ తల్లో కూర కడిగిన నీళ్లతో పాటు గింజలు పడేసి ఉంటుంది. వాళ్లు పోయారు, అది ఉండిపోయింది. ఏటా తనంతట తాను మొలుస్తోంది.

“ఇది ఖల్లివెల్లి చుక్కకూర,” అన్నాడు. మొదటిసారి ముగ్గురం కలిసి నవ్వాం.

అప్పుడు మేమూ ఏరడం మొదలుపెట్టాం. పల్లెటూరి పాస్టరు గదా, కూర తెలియదా అని మాకు ధీమా. ఓ పదిహేను లేత మొక్కలు కండువాలో వేసుకొని తెచ్చాం. అతను ఒక్కొక్కటే చూశాడు. మూడు మొక్కలు తీసి దూరంగా విసిరేసి, మా చేతులు బాటిల్ నీళ్లతో కడిగించాడు.

“ఇవి ఉమ్మెత్త అయ్యగారు.”

ఉమ్మెత్త మాకు తెలియని చెట్టా? తెల్లటి గరాటు పువ్వు, ముళ్ల కాయ, చిన్నపిల్లవాడు కూడా గుర్తుపడతాడు. కానీ అవి నాలుగాకుల లేత మొక్కలు. పువ్వు లేదు, కాయ లేదు. ఒకటి రెండు పప్పులో పడినా చాలు, నోరు ఎండిపోయి, కంటిపాపలు విచ్చుకొని, మనిషి మతి తప్పి మాట్లాడతాడు. ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

అతను మాకు పాఠం చెప్పాడు. మూడు గుర్తులు కలిస్తేనే సంచిలో వేస్తాడు. మొదటిది, ఆకు. చుక్కకూర ఆకు మందంగా, రసంతో, నునుపుగా ఉంటుంది. ఉమ్మెత్త ఆకు పల్చన, మొదట్లో రెండు వైపులా సమానంగా ఉండదు, నలిపితే చెడు వాసన. రెండోది, కణుపు. చుక్కకూర కాడ మీద ఆకు పుట్టే చోట ఉల్లిపొర లాంటి సన్నని పొర కాడను చుట్టుకొని ఉంటుంది. గోరుతో లాగితే ఊడివస్తుంది. ఉమ్మెత్తకు అది ఉండదు. మూడోది, కాయ. లేత మొక్కకు కాయ లేకపోతే చుట్టుపక్కల ముదురు తల్లి మొక్క ఉందేమో చూడాలి. చుక్కకూర ముదిరితే గులాబీ, ఎరుపు రంగుల్లో కాగితం సంచుల్లాంటి కాయలు గుత్తులుగా వస్తాయి. లోపల మూడు కోణాల గింజ. గాలికి ఆ సంచులు ఎగిరి మరో సందులో పడతాయి. మొక్క ఎండకాలంలో చచ్చిపోతుంది, గింజ మళ్లీ తడి వచ్చేదాకా మట్టిలో కాచుకొని ఉంటుంది.

“నోట్లె పెట్టుకొని చూడుడు ఆఖరుకు అయ్యగారు. అంతా తెలిసినంక. తెలువనిదాన్ని రుచి చూడొద్దు.”

మురుగు పారే వైపున ఉన్న మొక్కలను ముట్టుకోనివ్వలేదు. గింజ పట్టిన మొక్కలను కోయనివ్వలేదు. మూడు పూటలకు కాదు, ఒక్క పప్పుకు సరిపడా తీసుకున్నాం.

ఆ కూర తీసుకొని అందరం కలిసి నానక్‌రామ్‌గూడలో ఉన్న మన సంఘపు చెల్లెలి ఇంటికి వెళ్లాం. రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి, పడుకోవాలి. అయినా వచ్చాడు. ఆ చెల్లెలు ఇదివరకు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. కూర చూసి సంతోషించి, వంటింటి అరలోంచి ఒక పొట్లం తెచ్చి మా ముందు పెట్టింది. సూపర్‌మార్కెట్‌లో కొన్న బక్‌వీట్ పిండి. ఉత్తరాది వాళ్లు నవరాత్రి ఉపవాసాల్లో తినే కుట్టు పిండి ఇదే. పేరులో వీట్ ఉన్నా గోధుమకు దీనికి చుట్టరికమే లేదని, ఇది చుక్కకూర కుటుంబమని చెప్పింది. ఆ మూడు కోణాల గింజే సాక్ష్యం. మనం పెరట్లో తెంపుకొనే కూర చుట్టాన్ని ఆ కాలనీల్లో పొట్లం కట్టి, ఆరోగ్యాహారమని ఎక్కువ ధరకు అమ్ముతున్నారు.

ఆమె మరో సంగతి చెప్పింది. మనుషులు వందల ఏళ్లుగా పండించి తింటున్నా ఈ బక్‌వీట్ అసలు అడవి మొక్క ఏదో చాలాకాలం ఎవరికీ తెలియదట. జపాన్‌కు చెందిన ఓమి ఓనిషి అనే శాస్త్రవేత్త చైనాలోని యునాన్ కొండల్లో దాన్ని కనుక్కొని 1991లో ప్రకటించాడు. అప్పటిదాకా వేరే అడవి మొక్కలను దీని పూర్వీకులుగా భావించేవాళ్లు. పేర్లు తెలిసిన పండితులు కూడా దగ్గరికి వెళ్లి చూసేదాకా పొరబడతారన్నమాట.

పప్పు ఉడుకుతుండగా అరిజోనాలో ఉన్న వాళ్ల తమ్ముడికి వీడియో కాల్ చేసింది. ఒకప్పుడు మన సండే స్కూల్లో చదివిన పిల్లవాడే. ఫీనిక్స్ చుట్టూ ఉన్న ఎడారి కొండల్లో శనివారాలు నడుస్తాడు. అక్కడా అడవి బక్‌వీట్ అనే మొక్కలున్నాయట. అవి ఈ కుటుంబంలోనే మరో కొమ్మ, ఉత్తర అమెరికాలో 250 దాకా జాతులు. రాళ్ల మధ్య చిన్న పొద, సన్నని ఆకులు, తెల్లటి, లేత గులాబీ పూల గుత్తులు. ఎండాక అవి రాలిపోవు, తుప్పు రంగులో పొద మీదే నిలుస్తాయి. ఎండిపోయిందనుకొని దాటిపోయేవాడినని, అదే కొమ్మ మీద తేనెటీగలు తిరుగుతుంటే ఆగి చూశానని అన్నాడు. ఫోన్లో ఫొటో చూపిస్తే మన గార్డు తమ్ముడు చాలాసేపు చూసి, “చుట్టమే,” అన్నాడు.

ప్రియులారా, ఆ పప్పు తింటూ మాకు 2 రాజులు 4వ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. గిల్గాలులో కరవు. ఎలీషా కుండ పెట్టమన్నాడు. ఒకడు కూరలకు పొలంలోకి వెళ్లి, గుణం తెలియని అడవి తీగ కాయలు ఒడి నిండా తెచ్చి తరిగి వేశాడు. మన దగ్గర ఇసుక నేలల్లో పాకే చేదుపుచ్చ లాంటిదే అది అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. తిన్నవాళ్లు కుండలో మరణం ఉందని కేకపెట్టారు. మేము ఈ భాగం ఎన్నోసార్లు ప్రసంగించాం. కానీ ఆ రోజే ఒక సంగతి గమనించాం. ఆ కాయలు తెచ్చినవాడి పేరు వాక్యంలో లేదు. దైవజనుడు అతన్ని నలుగురిలో నిలబెట్టినట్టూ లేదు. పిండి తెమ్మని కుండలో వేశాడు. అందరూ తిన్నారు. అంటే విషపు కాయలు తెచ్చినవాడికి కూడా ఆ పంక్తిలో చోటు పోలేదు.

మేము చేసింది దానికి తలకిందులు. అతను తెచ్చింది విషం కాదు. మేమే అతని ఒడి చూడకుండా విషమని చాటింపు వేశాం.

ఫలాలను బట్టి చెట్టును తెలుసుకోవాలని ప్రభువు మత్తయి 7లో నేర్పాడు. అది సత్యం. కానీ ఫలం రాకముందే మేము ఆ తమ్ముడికి పేరు పెట్టేశాం. పైగా మూడు గుర్తులు కలిస్తేనే సంచిలో వేస్తానని అతను అన్నప్పుడు మా గుండెలో పొడిచినట్టయింది. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట మాట స్థిరపడాలని ద్వితీయోపదేశకాండము 19లో ఉంది. అదే మాటను ప్రభువు మత్తయి 18లో ఎత్తుకున్నాడు. అయితే ఆయన సాక్షుల దగ్గర మొదలుపెట్టలేదు. ముందు నీవు ఒక్కడివే వెళ్లి నీ సహోదరునితో మాట్లాడమన్నాడు. మేము ఒక్కరమే వెళ్లలేదు, ఇద్దరితో వెళ్లలేదు, తిన్నగా పులిపీఠం ఎక్కాం. ‘అక్కడ ఏం జరిగింది తమ్ముడూ’ అనే ఒక్క ప్రశ్న ఆ రోజే అడిగి ఉంటే ఎనిమిది నెలల జీతం సంగతి తెలిసేది, కొండ కింద పాడిన కీర్తన సంగతీ తెలిసేది. కాపలా లేని ఒక ఆకుకు అతను ఇచ్చినంత శ్రద్ధ మేము మా మందలోని మనిషికి ఇవ్వలేదు.

విత్తువాని ఉపమానం తప్పు కాదు సుమా. రాతినేల ఉంది, ఎండిపోయే మొలక ఉంది. కానీ ఆ ఉపమానంలో నేలను చదివేవాడు ప్రభువు. ఎవరి గుండె ఏ నేలో రాసుకోమని మాకు ఆయన పలక ఇవ్వలేదు. ఇంకొకరి మీద వేయడానికి కాదు, మనల్ని మనం తడిమి చూసుకోవడానికి ఆయన దాన్ని చెప్పాడు.

భోజనం అయ్యాక అందరి ముందే అతని దగ్గర క్షమాపణ అడిగాం. అతను తల వంచుకొని, “అయింది పో అయ్యగారు,” అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. క్షమించాడో లేదో మేము గట్టిగా చెప్పలేం. నలుగురిలో గాయపరచినప్పుడు నలుగురిలోనే అడగాలి గనుక, ఆ ఆదివారం గుడిలో ఉన్న మీ అందరి ముందు ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాం. ఆ ప్రసంగం మా తప్పు. వెనక్కి తిరిగి చూసినవాళ్లు మీరూ ఒకసారి ప్రభువు ఎదుట ఆ సంగతి పెట్టండి.

ఊరికి వచ్చాక పొదుపు సంఘం చూసే అక్కను అతని బాకీ ఎంత ఉందని అడిగాం, మా వంతు కొంత వేద్దామని. ఆమె పుస్తకం తెరిచి చూపించింది. రెండేళ్లుగా నెలనెలా కొంచెం కొంచెం జమ అవుతోంది. ఇంకా నాలుగు వాయిదాలే. “మీకు చెప్పొద్దన్నడు అయ్యగారు,” అంది. ఆ పుస్తకం ముందు మేము చాలాసేపు కూర్చుండిపోయాం.

ఈ లెంట్‌లో మీకు మా మనవి రెండు. మొదటిది, తేలికది. బయట కూర ఏరుకొనే అలవాటున్నవాళ్లు లేత మొక్కలను ఒకటికి మూడుసార్లు చూడండి, తెలిసిన పెద్దవాళ్లకు చూపించండి. పుల్లకూరలు కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు మంచివి కావు, డాక్టరును అడగండి. రెండోది కష్టం. మీరు ఎండిపోయాడని వదిలేసిన మనిషి ఒకరు మీ ఇంట్లోనో, మీ ఆఫీసులోనో, మీ గేటు దగ్గరో ఉంటారు. ఉపవాసం విడిచే వేళకు ముందు ఒకసారి అతని దగ్గరికి వెళ్లండి. వాక్యం చెప్పడానికి కాదు, అడగడానికి. నీళ్లు ఎక్కడ ఆగాయో చూడండి.

ప్రభువు గడిపిన యూదయ అరణ్యంలో కూడా చుక్కకూరకు తోబుట్టువులైన మొక్కలున్నాయి. చలికాలపు వానల తర్వాత ఆ రాళ్లలో ఎర్రగా కనిపిస్తాయి. ఆ నలభై దినాల్లో ఆయన వాటి పక్కనుంచి నడిచాడేమో అని ఈ మధ్య అనుకుంటున్నాం. మనకు బంజరుగా కనిపించేది ఆయన కంటికి బంజరు కాదు.

ఈస్టర్‌కు ఊరికి రమ్మని తమ్ముడికి ఫోన్ చేశాం. సెలవు దొరికితే వస్తానన్నాడు. దొరకకపోతే ఆ రోజు సాయంత్రం మేమే ఖాజాగూడ వెళ్తాం. అమ్మగారు ఇప్పటికే కందిపప్పు కట్టి పెట్టింది.

ప్రేమగల తండ్రీ, చూడకముందే పేరు పెట్టే మా నోటికి కాపలా ఉంచు. కాగితం లేని, జీతం రాని, పేరు అడిగేవాళ్లు లేని నీ బిడ్డలను ఏ కొండల్లో ఉన్నా పోషించు. మా సంఘంలో ఎవరి చోటు ఖాళీగా ఉందో మాకు కనబడనివ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని జ్ఞాపకం చేసుకోండి.